బ్లాస్టింగ్ వేళకు బండి కాపలా

మా అన్న ఏసీలు, ఫ్రిజ్జులు బాగుచేస్తాడు. గోదావరిఖని ఎండల్లో ఒక్క వేసవి గడిపినవాళ్ళకు ఆ పని విలువ చెప్పనక్కరలేదు. ఉగాది వెళ్ళిందంటే చాలు, ఆయన ఫోను కింద పెట్టే తీరిక ఉండదు. ఆయనకు దుకాణమంటూ లేదు. ఒక పాత తెల్ల వ్యాను ఉంది, మేమందరం దాన్ని బండి అనే అంటాం. పైపుల్లో గాలి గుంజే పంపు, గ్యాసు సిలిండర్లు, మీటర్లు, రాగి పైపు చుట్టలు, డ్రిల్లింగ్ మిషను అన్నీ దాని వెనక భాగంలోనే ఉంటాయి. ఆ సామాను లేకపోతే అన్న చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. చేతులు కట్టుకుని కూర్చోవడం ఆయనకు అస్సలు రాదు. కూర్చుంటే చిరాకు, చిరాకు పడితే వదిన మీద కేకలు.

నేనుండేది గోలేటిలో. మా ఆయనకు అక్కడ బాయిలో డ్యూటీ. బాయి అంటే మా వైపు బొగ్గుగని. పిల్లలకు సెలవులు ఇవ్వగానే తల్లిగారింట్లో దిగిపోతాను. అమ్మా నాయినా పోయాక కూడా అది తల్లిగారిల్లే అనిపిస్తుందంటే అది మా వదిన చలవ. అన్న చలవ కాదని ఆయన ముందే అంటుంటాను.

మొదటి దొంగతనం బసంత్‌నగర్‌లో జరిగింది. లారీల వరుస పక్కన బండి ఆపి, ఒక హోటల్లో ఫ్రిజ్ చూడటానికి లోపలికి పోయాడట. వచ్చేసరికి పక్క అద్దం పగిలి ఉంది, డ్రిల్లింగ్ మిషనూ రాగి చుట్టా లేవు. అంతమంది డ్రైవర్లలో ఒక్కరూ చూడలేదు. అన్న ఇంటికొచ్చి రెండు పూటలు అన్నం తినలేదు. మూడో పూటకు బండికి అలారం పెట్టించాడు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. మావాడు ఆర్నెల్లు ఆగలేదులే, అంతవరకు మెచ్చుకోవచ్చు.

ఆ అలారం గురించి ఫోన్లో ఎంత గొప్పగా చెప్పాడో! తలుపు గుంజితే ఏడుస్తుంది, అద్దం తడితే ఏడుస్తుంది, పిల్లి ఎక్కినా ఏడుస్తుంది. అయితే ఒక సంగతి ఆయనా మరిచాడు, అమ్మినవాడికీ తెలియదు. మా సందు చివర నిలబడి చూస్తే ఓపెన్‌కాస్టు బొగ్గుగని మట్టిగుట్టలు కనిపిస్తాయి. మధ్యాహ్నం భోజనాలయ్యే వేళకు సైరన్ మోగుతుంది, కాసేపటికి బొగ్గు మీది బండలు పేల్చే బ్లాస్టింగ్ అవుతుంది. నేల ఒక్క ఊపు ఊగుతుంది, గూట్లో గిన్నెలు గలగలమంటాయి, ఆ వెనకే దుమ్ము వస్తుంది. సైరన్ వినగానే తలుపులూ కిటికీలూ మూసుకోవడం మా సందులో ఎవరికీ ఎవరూ నేర్పలేదు. పిల్లలు అన్నం తింటూ తింటూ లేచి పోయి కిటికీ వేసి వస్తారు.

నేల ఊగితే బండి ఊగదా? బండి ఊగితే అలారం ఊరుకుంటుందా? సరిగ్గా ఆ వేళకే ఇంటికి తిండికొచ్చే అన్న బండి ప్రతి మధ్యాహ్నం గోడుగోడున ఏడవడం మొదలుపెట్టింది. అలారం పదును తగ్గించి చూశాడు. అప్పుడు తలుపు గట్టిగా గుంజినా కిక్కురుమనలేదు. మళ్ళీ పెంచాడు. మళ్ళీ ఏడుపు. మొదట్లో సందంతా ఉలిక్కిపడేది. తర్వాత నవ్వుకునేది. ఆ తర్వాత నవ్వడం కూడా మానేసింది. నాన్నా పులి కథ అందరికీ తెలిసిందే.

పులి వచ్చిన రోజు కూడా అందరూ ఇళ్ళలోనే ఉన్నారు. సైరన్ మోగింది, తలుపులు పడ్డాయి, నేల ఊగింది, బండి ఏడ్చింది. వదిన గిన్నెలు సర్దుతూ "అగో, మీ బండి మళ్ల భయపడ్డది" అని నవ్విందట కూడా. అన్న చెయ్యి కడుక్కుని బయటికి పోయి చూస్తే వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. పంపు లేదు, మీటర్లు లేవు. మా సందు అలవాటు ఎవడికో బాగా తెలుసు. అందరూ తలుపులు మూసుకుని, ఏడుపు విన్నా పట్టించుకోని క్షణం చూసుకుని వచ్చాడు.

అన్న మనసు ఆ రోజు విరిగిపోయింది. తోటి మెకానిక్ ఒకాయన తన పాత పంపు ఇచ్చేస్తే పని సాగించాడు గాని ఫోన్లో ఆయన గొంతు వింటే నాకే దిగులయ్యేది.

"ఇంటి ముందల్నే గుంజుకపోయిండ్రు చెల్లె. ఇగ యాడ పెట్టాలె బండిని? నెత్తి మీద పెట్టుకోవాల్నా?" అన్నాడు. "హైదరాబాదుల ఒక పెద్ద బిల్డింగుల నౌకరీ ఉందంటున్రు. బండి అమ్మేసి పోత."

"వదిన?"

"ఈడ్నే ఉంటది. నెలకోసారి వస్త."

నాకు ఒళ్ళు మండింది. రాత్రి కూరలో ఉప్పు తక్కువైతే ఊరంతా వినేలా వదినను పిలిచే మనిషి, నెలకోసారి వస్తాడట.

వదిన మాత్రం ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. పనిలో దిగింది. గడపలకు వేయగా మిగిలిన పసుప్పచ్చ రంగు తీసి, మిగిలిన సామాను మీద ఒక్కొక్కదాని మీద కొట్టొచ్చినట్టు అడ్డపట్టీలు వేసింది. స్పానర్లనూ వదల్లేదు. ఎక్కడ ఏ పాత ఇనుప సామాను దుకాణంలో కనిపించినా మాదేనని తెలిసిపోవాలి. రామగుండం దాకా పోయి అలాంటి దుకాణాలవాళ్ళకు ఆ రంగు చూపించి "గిది కనబడితే మాకు చెప్పాలె" అని వచ్చింది. బండిని ఇంటి ప్రహరీకి వెనక్కి ఆనించి పెట్టించింది. ఇక వెనక తలుపు బెత్తెడు కూడా తెరుచుకోదు. రాత్రి కాగానే సామానంతా ఇద్దరూ కలిసి ఇంట్లోకి మోస్తారు. ఇంత చేసినా మధ్యాహ్నం సంగతి మిగిలింది. తిండి తినే ఆ కాస్త సేపటికి అంత బరువు దించి ఎక్కిస్తే మనిషి నడుం విరుగుతుంది. సందు వైపు పక్క తలుపు ఒకటి ఉండనే ఉంది.

నేను సెలవులకు వచ్చిన మొదటి రోజు సైరన్ మోగింది. అలవాటు ప్రకారం లేచి కిటికీలు వేస్తున్నాను. వదిన అన్నం పళ్ళెం పక్కన పెట్టి, కొంగు ముక్కుకు కట్టుకుని బయటికి నడిచింది. తలుపు సందులోంచి చూస్తే, బండి పక్క తలుపుకు వీపు ఆనించి నిలబడి ఉంది. నేల ఊగింది. బండి ఏడ్చింది. దుమ్ము వచ్చి మనిషిని కప్పేసింది. ఆమె కళ్ళు మూసుకుని అలాగే నిలబడింది. దుమ్ము తగ్గాక బండిని బిడ్డను తట్టినట్టు రెండు తట్టి లోపలికి వచ్చింది.

"నీకేమన్న పిచ్చా వదినా? గీ దుమ్ముల నిలబడుడేంది?" అన్నాను.

"సైరన్ లేకుండ ఏడిస్తే దొంగ. సందంత ఉరుకొస్తది. సైరన్ అయినంక ఏడిస్తే నేను ఆడ్నే ఉంట. దొంగకు ఇగ టైమేది?" అని పళ్ళెం ముందుకు లాక్కుంది. "చారు పొయ్."

చారు పోశాను. నేను బీయే చదివాను, ఆమె పదితో ఆపింది అని నేను చెప్పబోవడం లేదు. చదువుకీ దీనికీ సంబంధం లేదు. రోజూ మధ్యాహ్నం తిండి మధ్యలో లేచి దుమ్ములో నిలబడటానికి ఒక మొండితనం కావాలి. అది నాకు లేదు, మా అన్నకు అసలే లేదు. ఆ రోజు నుంచి వదినను చూస్తే నాకు లేచి నిలబడాలనిపించేది.

తర్వాతి సంగతి ఆమె అడగకుండానే జరిగింది. ఎదురింట్లో ఒక అవ్వ ఉంటుంది. ఆమె భర్త మా నాయినతో కలిసి బాయిలో దిగినవాడు, పోయి చాలా కాలమైంది. అవ్వ నోరంటే సందంతా జడుస్తుంది. ఒకరోజు సైరన్ మోగగానే ఆమె చీపురు చేతబట్టుకుని వచ్చి వదిన పక్కన నిలబడింది.

"నువ్వెందుకు వచ్చినవ్ అవ్వా? దగ్గు లేస్తది, లోపలికి పో" అంది వదిన.

"ఆనాడు బండి ఏడుస్తుంటె నేను ఇంట్లనే ఉన్న. ఇనుకుంట పండుకున్న. నాకు ఇజ్జత్ లేదా?" అంది అవ్వ.

ఆ మర్నాడు పక్కింటి ఆమె గొడుగుతో వచ్చింది. దుమ్ముకు గొడుగేమిటని నేను నవ్వాను, గాని నాకూ అందులో చోటిచ్చింది. నైట్ షిఫ్టు చేసి పడుకున్న ఒకాయన లుంగీ సర్దుకుంటూ, కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. రాను రాను సైరన్ మోగితే తలుపులు మూసుకునే సందు, సైరన్ మోగితే తలుపులు మూసి బయటికి వచ్చే సందు అయింది. బండి చుట్టూ నిలబడి ఎవరింట్లో ఏం కూరో చెప్పుకునేవాళ్ళు. నేల ఊగినప్పుడు ఒకరినొకరు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఇదంతా జరుగుతుంటే మా అన్న ఇంట్లో కూర్చుని తింటూ ఉండేవాడు. ఆయన మనసు అప్పటికే హైదరాబాదుకు పోయింది.

ఒక రోజు వదిన వాళ్ళ అమ్మను దవాఖానలో చూపించడానికి మంథని వెళ్ళింది. ఆమె బస్సెక్కిందో లేదో అన్న నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"రామగుండం నుంచి ఒకాయన బండి చూస్తానికి వస్తున్నడు. సామానుతోని సహా తీసుకుంటడట. మీ వదినకు చెప్పకు."

"నువ్వే చెప్పుకో. నాకు అబద్ధాలు ఆడుడు రాదు. ఆమె గక్కడ దుమ్ము మింగుతుంటె నువ్వు గిక్కడ అమ్మజూస్తున్నవా?" అన్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ మాట కూడా మొహం మీదే అన్నాను. అన్న తల వంచుకున్నాడు గాని ఆ మనిషిని రావద్దని చెప్పలేదు.

బండి కొనే ఆయన బైకు మీద మధ్యాహ్నానికి వచ్చాడు. అన్న తాళంచెవి ఆయన చేతికిచ్చి, బండి కాగితాలు వెతకడానికి లోపలికి పోయాడు. అలారం ఆపే రిమోటు జేబులోనే మరిచాడు. అంతలో సైరన్ మోగింది. నేను వెనక గదిలో కిటికీలు వేస్తున్నాను. ఆ మనిషి పక్క తలుపు తీసి, సగం ఒంటిని లోపలికి పెట్టి పంపు అటూ ఇటూ కదిపి చూస్తున్నాడట. బండి ఏడుపు లంకించుకుంది. అప్పుడే నేల ఊగింది.

నేను వాకిట్లోకి పరుగెత్తేసరికి అవ్వ ఆయన చొక్కా కాలరు పట్టుకుని ఉంది. లుంగీ ఆయన ఒక చెయ్యి పట్టుకున్నాడు. గొడుగు ఆమె గొడుగు మూసి కర్రలా ఎత్తింది. మిగతా సందంతా చుట్టూ ఉంది. అందరి మీదా దుమ్ము.

"అమ్మా, నేను దొంగను కాదమ్మా!" అంటున్నాడు ఆయన.

"ఏ దొంగ చెప్పిండురా నేను దొంగనని?" అంటోంది అవ్వ.

అన్న కాగితాలు పట్టుకుని ఉరికొచ్చాడు. "అవ్వా, ఇడువు, ఇడువు! ఆయన బండి కొంటానికి వచ్చిండు!"

అవ్వ కాలరు వదిలింది. అన్న రిమోటు నొక్కడంతో బండి ఏడుపు కూడా ఆగింది. అవ్వ మా అన్నను కాళ్ళ నుంచి తల దాకా చూసింది. నోరున్న మనిషి కదా, తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గొంతు బాగా తగ్గిపోయింది.

"అమ్ముతున్నవా కొడుకా?" అంది. "మరి గిన్ని దినాల సంది మేం నిలబడ్డది ఎవని బండికి?"

అన్న కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా కళ్ళు నిండాయి, దుమ్ము వల్ల కాదు.

వచ్చినాయన కాలరు సర్దుకుని, అందరి మొహాలూ ఒకసారి చూసి, తాళంచెవి అన్న చేతిలో పెట్టాడు. "అన్నా, గీ బండి నాకొద్దు. తీస్కపోతె వీళ్లంత మా ఇంటిదాంక వస్తరు" అని బైకెక్కి పోయాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. అన్న బండి మెట్టు మీద కూలబడి మొహం కప్పుకున్నాడు. అవ్వ కాసేపు చూసి, చీపురుతో ఆయన మోకాలి మీద ఒకటి వేసింది. "ఏడుసుడు ఎనక. నా ఫ్రిజ్జు నీళ్లు కారుతున్నది, వచ్చి సూడు" అంది. అన్న లేచి, పసుప్పచ్చ పట్టీలున్న స్పానర్లు తీసుకుని ఆమె వెనకే పోయాడు.

సాయంత్రం వదిన వచ్చింది. సందు మొదట్లోనే అవ్వ అంతా పూసగుచ్చినట్టు చెప్పే ఉంటుందని నాకు తెలుసు. వదిన మొహంలో మాత్రం ఏమీ కనిపించలేదు. చెప్పులు విడుస్తూ మామూలుగా అడిగింది.

"సైరన్ యాళ్లకు బండికి ఎవలు నిలబడ్డరు?"

నేను అన్న వైపు చూశాను. ఆయన పంపు లోపలికి మోసుకొస్తున్నాడు. దాన్ని కింద దించి, నడుం నిటారు చేసి, ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"అందరు నిలబడ్డరు. నేనొక్కన్నే నిలబడలె. రేపటి సంది నేను గూడ నిలబడ్త."