మనోరమక్క ఎడమ కాలు

మా ఇంటి ఓనరు మనోరమక్కకి యాభై దాటాక కారు తోలడం వచ్చింది. వచ్చిందంటే మామూలుగా రాలేదు, పూనకంలా వచ్చింది.

మాది పాలకొల్లు. మా ఆయన సత్యనారాయణకి ఇక్కడి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం, రంగులు వేసే విభాగం చూస్తారు. జహీరాబాద్ వచ్చినప్పటి నుంచీ మనోరమక్క వాళ్ళ పై వాటాలోనే ఉంటున్నాం. అక్క భర్త రామ్‌కిషన్ గారికి మొగుడంపల్లి దగ్గర అల్లం, చెరకు పొలాలున్నాయి. మూతి మీద మీసం రాకముందు ఎక్కిన ట్రాక్టరు ఆయన ఇంకా దిగలేదు. మంచి మనిషి, మాట మీద నిలబడే మనిషి. కాకపోతే యంత్రాల విషయంలో ఆయన చెప్పిందే వేదం. ఆ వేదం వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

అక్క పొలానికి వెళ్ళాలంటే ఎవరో ఒకరి కోసం కాచుకు కూర్చోవాలి. ఆయన ట్రాక్టరు మీద వెళ్తే వెనక ట్రాలీలో కూర్చోవాలి. పెళ్ళైన కొత్తలో తనకూ ట్రాక్టరు నేర్పమని ఆయన్ని అడిగిందట. "క్లచ్ తొక్కనీకి నీ కాలు అందదు, నీకెందుకే," అని ఆయన నవ్వేశారట. అల్లం టీ పెట్టినప్పుడల్లా ఆ నవ్వు సంగతి నాకు చెప్పేది. టీ రోజూ పెట్టేది.

తల్లి అవస్థ చూడలేక, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కూతురు సహస్ర ఒక పాత ఆటోమేటిక్ కారు వెతికి తెచ్చిపెట్టింది. దానికి క్లచ్ పెడల్ ఉండదు, గేర్లు వాటంతటవే మారతాయి. యాక్సిలరేటరుకీ బ్రేకుకీ కుడి కాలు చాలు, ఎడమ కాలికి పనే లేదు. అక్క దాని మీదే నేర్చుకుంది, దాని మీదే లైసెన్సు తెచ్చుకుంది. ఇక చూడండి. పొలానికి కారు, సంతకి కారు, ఉప్పు నిండుకుంటే కారు. పాలు పోసే బసమ్మ ఇల్లు మా వీధి చివరే, అక్కడికీ కారే.

హైవే ఎక్కితే మా ఇద్దరికీ ఒక వేడుక ఉండేది. ఆ కారు మీటరులో రెండు ముళ్ళు. ఒకటి బండి వేగం చూపిస్తుంది, రెండోది ఇంజను ఎంత జోరుగా తిరుగుతోందో చూపిస్తుంది. గేరు మారినప్పుడల్లా ఇంజను ముల్లు కిందికి దిగుతుంది. గేర్లన్నీ అయిపోయి, అరవై దాటి బండి నిలకడగా పోతున్నప్పుడు ఆ ముల్లు ఇంకొక్కసారి మెల్లగా దిగుతుంది. బండి వేగం తగ్గదు, కుదుపు తెలియదు, ఇంజను చప్పుడు మాత్రం సన్నబడుతుంది. "ఇగో చెల్లె, ముల్లు కూసున్నది," అని అక్క పకపకా నవ్వేది. అందులో నవ్వడానికి ఏముందో నాకిప్పటికీ తెలీదు గానీ, నేనూ కడుపు పట్టుకుని నవ్వేదాన్ని. అలా నవ్వుకుంటూ చెరకు లారీలను దాటుకుంటూ పోయేవాళ్ళం.

ఒక ఆదివారం రామ్‌కిషన్ గారు తానే తోలి చూస్తానని బయల్దేరారు. తిరిగొచ్చి తాళం చెవి అరుగు మీద పెట్టి, "గీ బండికి క్లచ్ ప్లేట్ జారుతున్నది," అన్నారు.

"దాంట్ల క్లచ్ యాడున్నదయ్యా," అంది అక్క.

"లోపట ఉంటది, నీకేం ఎర్క. బండి ఒక్క తీరుగ పోతుంటే ఇంజన్ ముల్లు ఊకె లేస్తున్నది, దిగుతున్నది. క్లచ్ గాకపోతే మరేంది?"

ఇది ట్రాక్టర్ల ఊరు. ఇంజను అరుస్తున్నా చక్రం అంత జోరుగా తిరగడం లేదంటే క్లచ్ జారుతున్నట్టేనని ఇక్కడ చంటిపిల్లలకి కూడా తెలుసు. టీ కొట్టు దగ్గర ఆయన సంగతి చెప్పగానే అందరూ తలలూపారు. మా ఆయనా ఊపి వచ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, క్లచ్ పెడలే లేని కారుకి క్లచ్ అరిగిపోయిందని ఊరంతా తీర్మానించేసింది.

అక్క తోలితే ముల్లు బుద్ధిగా కూర్చునే ఉంటుంది బావగారూ అని చెప్పి చూశాను. "మీరిద్దరు ముచ్చట్లల్ల పడితే ముల్లు ఎవరు జూస్తున్నరు దుర్గమ్మా," అన్నారు. ఆయన భయం ఆయనది. ఒక్కత్తే పొలానికి పోతుంది, నడిరోడ్డు మీద బండి ఆగిపోతే వెనక నుంచి ఏ లారీ వచ్చి గుద్దుతుందోనని. అందుకని రాయికోడ్‌లో మహాదేవప్ప గారనే రైతుకి కారు అమ్ముతానని మాట ఇచ్చేశారు. క్లచ్ జారుతోందని ముందే చెప్పి మరీ ఇచ్చారు, అదీ ఆయన నిజాయితీ. ఆ మహాదేవప్ప గారు, తన బావమరిదికి మెకానిక్ షెడ్డుంది, కొత్త ప్లేటు వేయించుకుంటానన్నారట. ఇద్దరికిద్దరూ సరిపోయారు.

ఆ రోజు అక్క టీ పెట్టలేదు. "మల్ల ట్రాలీల కూసుండుడే చెల్లె," అంది.

పైకి వెళ్ళి మా ఆయన మీద పడ్డాను. "తల ఊపి వచ్చారు కదా, ఎందుకు ఊపారో కనుక్కుని రండి," అన్నాను. మర్నాడు ఫ్యాక్టరీలో ఎవరినో అడిగి వచ్చి, వంటింట్లో నా చేతిలో ఉన్న కవ్వం లాక్కుని మరీ చెప్పారు. ఇలాంటి కార్లలో ఇంజనుకీ గేర్లకీ మధ్య నూనె నిండిన డబ్బా ఒకటి ఉంటుందట. ఇంజను నూనెని తిప్పుతుంది, నూనె గేర్లను తిప్పుతుంది.

"కవ్వం తిప్పితే మజ్జిగ తిరుగుతుంది, మజ్జిగలో కరివేపాకు తిరుగుతుంది. కానీ ఆకు కవ్వమంత జోరుగా తిరగదు కదా. ఇంజనుకీ గేర్లకీ ఆ కాస్త తేడా ఉంటుంది. బండి నిలకడగా పరిగెడుతుంటే లోపల ఒక పలక ఆ రెంటినీ కలిపి పట్టేస్తుంది. లాకప్ అంటారు. అప్పుడు జారడం ఉండదు. ఇంజను కాస్త తక్కువ తిరిగినా బండి అదే వేగంతో పోతుంది. మీ ముల్లు కూర్చోవడం అదే."

"మరి బావగారు తోలితే ఎందుకు లేస్తోంది?"

"లాకు విడిపోతోంది. ఎందుకు విడిపోతోందో నాకు తెలీదు," అని కవ్వం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. సగం చెప్పి ఊరుకునే మనుషులంటే నాకు మహా మంట.

మహాదేవప్ప గారు రానే వచ్చారు. రామ్‌కిషన్ గారు, హైవే మీద చూపిస్తానని స్టీరింగు ముందు కూర్చున్నారు, మహాదేవప్ప గారు పక్క సీట్లో. అక్క వచ్చి నా స్కూటీ వెనక ఎక్కింది. "పా చెల్లె, ఎనకనే పోదాం. ఆఖరుసారి జూసుకుంట," అంది.

నా స్కూటీ పుట్టి బుద్ధెరిగి యాభై దాటలేదు. ఆ రోజు దాటించాను. అద్దాలు గజగజలాడాయి, అక్క కొంగు జెండాలా ఎగిరింది, ఒక చెరకు లారీ డ్రైవరు మమ్మల్ని చూసి రెండు చేతులెత్తి దండం పెట్టాడు. వాడు స్టీరింగు వదిలేసినందుకు నాకు గుండె ఆగినంత పనైంది, నవ్వూ వచ్చింది.

అప్పుడు అక్క నా భుజం మీద కొట్టింది. "చెల్లె, గాయన బ్రేక్ ఎందుకు తొక్కుతున్నడే?"

చూద్దును కదా, కారు వెనక ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి, మళ్ళీ వెలుగుతున్నాయి. ముందు రోడ్డు ఖాళీ. కుక్క కూడా అడ్డం రాలేదు. కారు వేగమూ తగ్గలేదు. అంటే బ్రేకు తొక్కడం లేదు, కాలు ఊరికే దాని మీద ఆనుతోందంతే.

"అక్కా, అది బావగారి ఎడమ కాలు," అన్నాను. అనేసరికి ఇద్దరికీ నవ్వు ముంచుకొచ్చి స్కూటీ పాములా మెలికలు తిరిగింది. ఇన్నేళ్ళు ట్రాక్టరు క్లచ్ మీద కాపలా ఉన్న కాలు అది. ఈ కారులో క్లచ్ లేదు, ఆ పక్కన తగిలేది వెడల్పాటి బ్రేకు పెడలే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ట్రాక్టరుతో వచ్చిన బుద్ధి కారుతో పోతుందా? బ్రేకుకి కాలు తగిలితే బండి ఆగబోతోందనుకుని లోపలి పలక విడిపోతుంది, ముల్లు లేస్తుంది. కాలు తీస్తే మళ్ళీ కూర్చుంటుంది.

హారన్ కొట్టి కొట్టి ఒక ధాబా దగ్గర ఆపించాం. సంగతి చెబితే రామ్‌కిషన్ గారు ఒప్పుకోలేదు. "నేను బ్రేక్ ముట్టనే లేదు," అన్నారు. అక్క మాత్రం స్కూటీని ధాబా ముందు పెట్టించి, నన్ను కారు వెనక సీట్లోకి తోసి, తానూ ఎక్కింది.

"ఎడమ కాలు మడిచి సీటు మీద వెట్టుకో. బువ్వకు కూసున్నట్టు," అంది.

ఆ ఇంట్లో అక్క హుకుం జారీ చేయడం నేను వినడం అదే మొదలు. ఆయన బుద్ధిగా మడిచారు. బండి అరవై దాటింది, ముల్లు కూర్చుంది, ఎంత దూరం పోయినా లేవలేదు. "ఇగ దించు," అంది. కాలు దించారు. కాసేపటికే ముల్లు లేచింది. "మడువు," అంది. కూర్చుంది. మహాదేవప్ప గారు చిన్నపిల్లాడిలా, "ఇంకోపారి దించు పటేలా," అని అడిగి మరీ చూశారు. రామ్‌కిషన్ గారు కూడా నవ్వీ నవ్వీ కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. "థూ, నా కాలే," అన్నారు.

మళ్ళీ ధాబా దగ్గరికి వచ్చి ఆగాక మహాదేవప్ప గారు, "అయితే బండి సాఫ్ ఉన్నట్టే. ఇంకా మంచిదాయె. ఇయ్యాల్నే తీస్కపోత," అన్నారు.

క్లచ్ పోయిందనుకున్నప్పుడే కొంటానన్న మనిషి, బాగుందని తెలిశాక వదులుతాడా? రామ్‌కిషన్ గారు అక్క ముఖం చూడలేకపోయారు. "జబాన్ ఇచ్చిన," అన్నారు తల దించుకుని. కారు మంచిదని మేమే రుజువు చేసి మేమే పోగొట్టుకున్నాం. ఆ లైట్లు చూసిన నా కళ్ళని నేనే తిట్టుకున్నాను.

అక్క మహాదేవప్ప గారి వైపు తిరిగింది. "తీస్కపోయేముందు ఒకపారి తోలి జూడు అన్నా," అంది. ఏడవకుండా అంది.

మహాదేవప్ప గారు స్టీరింగు ముందు కూర్చున్నారు. ధాబా పక్కన మట్టిబాటలో బండి కదిలింది, వేగం అందుకుంది, గేరు మార్చే సమయం వచ్చిందని ఆయన ఎడమ కాలికి తోచింది. క్లచ్ తొక్కినట్టు అడుగంటా తొక్కింది. అది బ్రేకు. కారు ఉన్నపాటున ఆగింది. నా నుదురు ముందు సీటుకి తగిలింది, రామ్‌కిషన్ గారి కండువా ఎగిరి అద్దానికి అతుక్కుంది. మళ్ళీ కదిలించారు, మళ్ళీ అదే. ఈసారి అక్క నా ఒళ్ళో పడింది, పడి లేవకుండా నవ్వుతోంది.

"గేర్లు అవే పడతయి మహాదేవప్పా," అన్నారు రామ్‌కిషన్ గారు.

"నాకెర్కే పటేలా. నా కాలుకు ఎర్క లేదు."

కాలు మడిచి కూడా చూశారు. అలా అసలు తోలడమే రాలేదు. చివరికి దిగి చేతులు దులుపుకున్నారు. "నీ జబాన్ నీకు వాపస్ ఇస్తున్న పటేలా. గిది మనసొంటి కాళ్లకు అయ్యేది గాదు," అన్నారు.

ఆ మాట పూర్తి కాకముందే అక్క వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది. రామ్‌కిషన్ గారు పక్క సీట్లో, నేనూ మహాదేవప్ప గారూ వెనక. నా స్కూటీ ధాబా దగ్గరే మర్చిపోయామని సగం దారిలో గుర్తొచ్చింది. వెనక్కి తిప్పమంటే అక్క ముఖం వెలిగిపోయింది, హైవే ఇంకోసారి దొరికింది కదా. అరవై దాటగానే ముల్లు కూర్చుంది. రామ్‌కిషన్ గారు ముల్లు వైపు చూడటం లేదు. వంగి అక్క ఎడమ కాలు చూస్తున్నారు. అది కింద పట్టా మీద కదలకుండా ఉంది.

"నీ కాలు గంత నిమ్మళంగ ఎట్లుంటదే?" అని అడిగారు.

అక్క రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"నువ్వు నాకు ట్రాక్టర్ నేర్పలే కద," అంది.

ధాబా వచ్చేదాకా ముల్లు లేవలేదు.