మారితెస్ మెసేజీలు

చనిపోయిన మనిషి గొంతుతో పిల్లలకు పాఠం చెప్పవచ్చునా? ఇది రాస్తున్న ఈ పూట వరకూ ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

ఎలిశిబా మెదక్ మనిషి. కువైట్‌లో పదకొండేళ్లు ఆసుపత్రి గదులు తుడిచి తిరిగొచ్చింది. అక్కడ ఒకే గదిలో ఉన్న ఫిలిప్పీన్స్ స్నేహితురాలు మారితెస్ దగ్గర ఆమెకు తగాలోగ్ భాష పట్టుబడింది. ఫిలిప్పీన్స్‌కు డాక్టరు చదువుకు పోయే పిల్లలకు ఆ భాష నేర్పమని కన్సల్టెన్సీ నడిపే ఇంద్రకరణ్ పిలిచాడు. పుస్తకం ఏదీ లేక, ఫోనులో దాచుకున్న మారితెస్ వాయిస్ మెసేజీలే వినిపించేది.

“ఆంటీ, గీ ‘నామన్’ అంటే మీనింగ్ ఏంది?” అని అడిగింది ఆ పిల్లల్లో ఒకతె, వర్షిత.

“మీనింగ్ ఏం లేదు బిడ్డ. ‘కూసో’ అంటే పోలీసోడు అన్నట్టుంటది. ‘జర కూసో’ అంటే ఇంటోళ్లు అన్నట్టుంటది. గా ‘జర’ అసొంటిదే.”

“మరి ‘దౌ’?”

“గది మన ‘అంట’. వానొస్తదంట. నేను చూడలే, ఎవరో చెప్పిండ్రు అని.”

“గివి ఇడిసిపెడితే మార్కులు పోతయా?”

“మార్కులు పోవు. పేషెంటే లేసి పోతడు, నీ మాట ఇని.”

పిల్లలు నవ్వారు. ఎలిశిబా నవ్వకుండా తర్వాతి మెసేజీ నొక్కింది.

మారితెస్ ఆంటీ లావుంటదా, పాటలు పాడతదా అని పిల్లలు అడిగేవారు. అన్నీ చెప్పేది. మొన్న మార్చిలో ఆమె చనిపోయిందని మాత్రం చెప్పలేదు. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పనంతకాలం రోజూ పదింటికి ఆ గదిలో మారితెస్ మాట్లాడుతూనే ఉంటుంది. ఏడుపు కూడా రాలేదు ఎలిశిబాకు. బట్టలు ఆరేసినట్టే మెసేజీలు నొక్కేది.

“అక్క, శనివారం పేరెంట్స్ వస్తుండ్రు. మీ దోస్తుకు వీడియో కాల్ చేయుండ్రి. బిడ్డల అంత దూరం పంపేటోళ్లకు జర ధైర్యమొస్తది,” అన్నాడు ఇంద్రకరణ్.

“ఆమె లేదు” అంటే అయిపోయేది. ఎలిశిబా “ఊఁ” అంది.

శనివారం ఆమె ఫోనును వైరుతో పెద్ద టీవీకి కలిపారు. తెర మీదకు మారితెస్ ఫోటో వచ్చింది, ఎర్ర టోపీతో.

“గీమెనే మమ్మీ, చెప్పిన గద,” అని వర్షిత తన తల్లి మమత భుజం తట్టింది.

“నొక్కుండ్రి అక్క,” అన్నాడు ఇంద్రకరణ్.

ఎలిశిబా వైరు పీకి, ఫోను సంచిలో వేసుకుంది. గడప దగ్గర చెప్పులు తొడుక్కుని మెట్లు దిగింది.

“సిగ్నల్ లేనట్టుంది. బయట కలుపుకొని వస్తది,” అంది వర్షిత, తల్లికి కుర్చీ జరుపుతూ.

కింద పాపన్నపేట పోయే షేర్ ఆటోలో ఒక సీటు ఖాళీగా ఉంది. ఎలిశిబా ఎక్కింది.