హవ్వ కళ్లు

మా రైల్వే ఊళ్లో, మలంచా దారిలోని ఒక చర్చి గోడ మీద, దేవుడు లోకాన్ని చేసిన ఆరు రోజులనీ ఆరు సిమెంటు పలకలుగా మలిచింది మా నాన్న. రైల్వే వర్క్‌షాపు ఫౌండ్రీలో ఇసుక అచ్చులు కట్టి రిటైరైన మనిషి. పొద్దున్నే సింహాద్రి అప్పన్న పటానికి దండం పెట్టుకుని, తాపీమేస్త్రీ సైకిలు వెనక కూర్చుని యెహోవా పనికి వెళ్లేవాడు.

అన్నీ అయ్యాయి, ఆరో పలకలో హవ్వ కళ్లు తప్ప. ఆదాము నిద్రలో ఉన్నాడు. అతని పక్కటెముక నుంచి లేచి నిలబడిన హవ్వకు కళ్ల చోట ఉత్త గుంటలు. కళ్లు ఆఖర్న, మంచిరోజు చూసి పెట్టాలనేవాడు నాన్న. నెల గడిచింది. ఆదివారం ప్రతిష్ఠ, ఈలోగా కాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని పాస్టరుగారు నాతో అన్నారు. నేను ఒంటికాలి మీద లేచాను. ఇక్కడ దుర్గమ్మ బొమ్మకైనా మహాలయ అమావాస్య నాడే కదా కళ్లు దిద్దేది, పనివాడి పద్ధతి మీకేం తెలుసని నలుగురిలో దులిపేశాను. పాపం, ఆయన తలవంచుకుని లోపలికి వెళ్లిపోయారు.

అదే ఊపులో నాన్న క్యారేజీ పట్టుకుని పరంజా ఎక్కాను. మిట్టమధ్యాహ్నం. నాన్న హవ్వ ముఖాన్ని రెండు చేతులా తడుముతున్నాడు. ఆయాసంతో మాట రాక మూరెడు దూరంలో నిలబడ్డాను. నా వైపే ముఖం తిప్పి, "ఎవులది?" అన్నాడు.

వేళాకోళం అనుకుని నవ్వబోయాను, నవ్వు రాలేదు. ఆయన ముఖం ముందు చెయ్యి ఊపాను. రెప్పయినా వెయ్యలేదు.

"నాన్నా, నేను."

ఆయన చేతులు కిందికి జారిపోయాయి.

ఎప్పటి నుంచని అడిగాను. సూర్యచంద్రుల పలక సగంలో ఉండగా మసక మొదలైందట, ఇప్పుడు వెలుతురు తప్ప ఏదీ ఆనదట. అంటే ఆ చేపలూ, పక్షులూ, ఏనుగులూ, దారినపోయేవాళ్లంతా ఆగి మెచ్చుకున్నవన్నీ ఉత్త వేళ్లతోనే చేశాడు! ఇంట్లో ఒక్క గడప తన్నుకోలేదే. ఒకే కంచం దగ్గర కూర్చుని నేనేం చూసినట్టు? నా మీద నాకే అసహ్యం వేసింది. ఇప్పుడే దిగు, ఆసుపత్రికి పోదామని అరిచాను.

నాన్న దిగలేదు. "ఆదాముది మూసిన కన్ను. నా మొకం తడుముకొని సేసినాను. తెరిసిన కన్ను ఎలగ తడమాలమ్మా?"

సీసాలో నీళ్లు వంచి ఆయన చేతులు కడిగాను. కుడిచేతి వేలు పట్టుకుని నా కంటి మీదికి తెచ్చుకున్నాను. మండింది. రెప్ప వాలకుండా రెండో చేత్తో పట్టుకున్నాను.