ముప్పై ఆరు రీల్లో నలభై ఒకటో ఫొటో

నా దగ్గర మంచి డిజిటల్ కెమెరా ఒకటి ఉండేది. దానితో ఎనిమిదేళ్ళలో అరవై వేల ఫొటోలు తీశాను. వాటిలో మా ఆవిడ చూసినవి పదో పన్నెండో, అవీ ఆమె ఉన్నవే. ఇంత తేలిగ్గా పడే ఫొటోలో కళ ఎక్కడుంటుందని ఒకరోజు నాకు జ్ఞానోదయమైంది. ఫోన్లో ఎవరో గడ్డపాయన వీడియో చూస్తుండగా అయింది. వెంటనే ఆ కెమెరా అమ్మేసి, చెన్నైలో ఒకాయన దగ్గర నాకంటే వయసులో పెద్దదైన రేంజ్‌ఫైండర్ కెమెరా కొన్నాను.

ఇందులో రీలు వేయాలి. బ్యాటరీ లేదు, వెనక తెర లేదు. లెన్సులోంచి కాకుండా పక్కనున్న చిన్న కిటికీలోంచి చూడాలి. అందులో మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు తిప్పుతూ ఆ ఇద్దరినీ ఒకటి చేస్తే ఫోకస్ కుదిరినట్టు. నేను జంగారెడ్డిగూడెంలో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ని. కాంతి గురించి ఇరవై ఆరేళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి కాబట్టి నాకు ఒకరు నేర్పేదేమీ ఉండదనుకున్నాను.

మొదటి ప్రయాణం ద్రాక్షారామానికి, మా అక్క వాళ్ళింటికి. బావగారికి అరవై నిండాయి, షష్టిపూర్తి చేస్తున్నారు. అంటే దండలు, తలంబ్రాలు, తాళి అన్నీ ఉన్న రెండో పెళ్ళి. మా అక్కకు ఇది మామూలు వేడుక కాదు. ఆమె మొదటి పెళ్ళికి ఒక్క ఫొటో కూడా లేదు. అప్పటి ఫొటోగ్రాఫరు రీలు ల్యాబులో ఉందని మూడు నెలలు తిప్పి, ఆ తర్వాత కొట్టే ఎత్తేశాడు. ముందుగా కొనిపెట్టుకున్న ఆల్బంలో ఇప్పుడు కరెంటు బిల్లులు ఉంటాయి. ప్రతి పెళ్ళిరోజునా అక్క పాయసం వండుతుంది, ఆ ఫొటోగ్రాఫర్ని తిడుతుంది.

ఈసారి రామచంద్రపురం స్టూడియో వాళ్ళను ముందే మాట్లాడుకుంది. వాళ్ళను మానిపించింది నేనే. నేనుండగా ఇంకొకరెందుకని, అసలైన ఫిల్ము మీద తీస్తానని ఫోన్లో అరగంట ఉపన్యాసం ఇచ్చాను. అక్క అంతా విని ఒక్కటే అడిగింది.

"తాళి కట్టేటప్పుడు ఒక్కటి బాగా పడాలిరా. మిగతావి పడకపోయినా ఫర్వాలేదు."

శనివారం ఉదయం 7:10కి జంగారెడ్డిగూడెంలో రాజమండ్రి బస్సెక్కాను. మా ఆవిడకు పరీక్షల డ్యూటీ పడింది, కనుక ఒక్కణ్ణే. ఎడమవైపు కిటికీ సీటు దొరికింది. మొదటి రీలు కెమెరా అమ్మినాయనే వేసిచ్చాడు. కొయ్యలగూడెం దాటాక ఆయిల్‌పామ్ తోటలు రెండు తీశాను. తీసిన ప్రతిసారీ కెమెరా వెనక్కి తిప్పి చూసుకుంటున్నాను. అక్కడ నల్లటి రేకు తప్ప ఏమీ లేదు. పక్క సీట్లో జీడిగింజల వ్యాపారి ఒకాయన ఇదంతా గమనిస్తున్నాడు.

"ఏదండి, ఓసారి చూపించండి" అన్నాడు.

ఇందులో చూడ్డానికి ఉండదని, చెన్నైకి కొరియర్లో పంపితే పదిహేను రోజులకు వస్తాయని చెప్పాను.

"మరి పడిందో లేదో ఎలా తెలుస్తుందండి?"

నమ్మకం మీద తీయాలని, అందులోనే ఆనందం ఉందని వివరించాను. ఆయన తన ఫోనుతో అదే తోటను తీసి, వాళ్ళావిడకు పంపి, నిద్రపోయాడు.

9:40కి రాజమండ్రి. బస్టాండు ఎదుట నాలుగు ఇడ్లీలు, అల్లం చట్నీ, టీ. ఈ దారిన వచ్చేవాళ్ళు టిఫిను ఇక్కడే కానిచ్చుకోవడం మంచిది, తర్వాత మధ్యాహ్నం దాకా ఏమీ దొరకదు. 10:25కి మండపేట మీదుగా వెళ్ళే బస్సు దొరికింది. మండపేటలో బియ్యం లారీలు అడ్డంగా నిలిచి ఇరవై నిమిషాలు ఆగిపోయాం. కిటికీలోంచి ఒక మిల్లు కార్మికుణ్ణి తీశాను. ఫోకస్ కుదిరేలోపు ఆయన రెండు బస్తాలు ఎక్కించేశాడు.

ఒంటిగంటకు ద్రాక్షారామం చేరి అక్క చేతి పనసపొట్టు కూరతో భోంచేశాను. బస మాత్రం గుడి దగ్గర లాడ్జిలో. ఇల్లంతా చుట్టాలున్నారు, రీలు మార్చడానికి ఏకాంతం కావాలన్నాను. రీలు మార్చడానికి ఏకాంతం ఎందుకని బావగారు అడిగారు. బావగారు హైస్కూల్లో సోషల్ మాస్టారు, సైన్సు ఆయనకు అర్థం కాదని నవ్వి ఊరుకున్నాను.

ఆదివారం ఉదయం అయిదున్నరకు లేచి స్నానం చేసి, మొదటి రీలు సంచిలో వేసి, పెళ్ళి కోసం దాచిన కొత్త రీలు తీశాను. వెలుతురు తక్కువగా ఉన్నచోట రీలు వేయాలని ఎక్కడో చదివాను. తక్కువ ఎందుకు, పూర్తిగా తీసేద్దామని కిటికీ మూసి, లైటు కూడా ఆర్పేశాను. చీకట్లో తడుముకుంటూ రీలు కొసను చుట్టుకునే కడ్డీ సందులోకి తోశాను. కెమెరా వెనక తలుపు మూశాను. రీలు జరిపే మీట లాగితే కరకరమని కదిలింది. ఆ శబ్దానికి పొంగిపోయాను.

ముహూర్తం 10:12కి, ఇంటి ముందు పందిట్లో. మొదలవకముందే అందరికీ దణ్ణం పెట్టి, దయచేసి ఎవరూ ఫోన్లు ఎత్తవద్దని, నా ఫొటోలకు అడ్డమని చెప్పాను. మా చుట్టాలు మర్యాదస్తులు, చాలామంది జేబుల్లో పెట్టేసుకున్నారు. తాళి ఘట్టం వచ్చేసరికి నేను సరిగ్గా ఎదురుగా, రెండడుగుల దూరంలో మోకాళ్ళ మీద ఉన్నాను. కెమెరా కిటికీలో అక్కలిద్దరు, బావగార్లిద్దరు. ఒకటి చేయడానికి తిప్పుతున్నాను. ఒక్క పది సెకన్లు ముడి ఆపమని పురోహితుడు గారిని వేడుకున్నాను.

"ముహూర్తం ఫోకస్ కోసం ఆగదండి" అన్నారాయన.

బావగారు మాత్రం ఆగారు. తాళి రెండు చేతులతో పట్టుకుని, వంగినవారు వంగినట్టే నా కోసం ఆగారు. అక్క తల ఎత్తి నేరుగా నా వైపు చూసింది. ఆ చూపులో ముప్పై మూడేళ్ళ ఎదురుచూపు ఉంది. మూడుసార్లు నొక్కాను.

బూరెలతో భోజనమయ్యాక, సోమవారం కాలేజీ ఉంది కనుక 2:30కి బస్సెక్కేశాను. దారిలో కాలవ గట్టు తీశాను, తాటిచెట్లు తీశాను. లెక్క కోసం పెట్టుకున్న చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాను. రీలుకు ఉండే ముప్పై ఆరు దాటింది, అయినా పడుతోంది. ఫిల్ము కంపెనీ ఎంత ఉదారంగా ఉందో అనుకున్నాను.

రామచంద్రపురంలో ఎక్కిన పెద్దాయన నా పక్కన కూర్చుని కెమెరాను ముచ్చటగా చూశాడు. మండపేటలో పాతికేళ్ళు స్టూడియో నడిపాడట, ఇప్పుడు అదే కొట్లో జిరాక్సులు తీస్తున్నాడట. ఎన్నో ఫొటోలో ఉన్నానని అడిగాడు. నలభై ఒకటి అన్నాను.

"ముప్పై ఆరు రీల్లోనాండి?"

ఆయన గొంతులో ఏదో తేడా వినిపించింది. మీట లాగుతూ ఎడమవైపు పైనున్న గుండ్రటి మరను చూడమన్నాడు. రీలు కదులుతుంటే ఆ మర తిరగాలట. లాగాను. తిరగలేదు. మళ్ళీ లాగాను. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

"తలుపు తెరిచెయ్యండి, ఫర్వాలేదు. చెడిపోవడానికి అందులో ఏమీ లేదు" అన్నాడు మెల్లగా.

తెరిచాను. రీలు కొస సందులోంచి జారిపోయి, కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే బయటికి నాలుక చాపి ఉంది. ఒక్క ఫొటో పడలేదు. సంచిలో ఉన్న మొదటి రీల్లో ఆయిల్‌పామ్ చెట్లు మాత్రం క్షేమంగా ఉన్నాయి.

ఏం ఫొటోలని అడిగితే చెప్పాను. ఆయన నిట్టూర్చాడు. నాకు ధైర్యం చెప్పడానికే అన్నాడు గానీ, ఆ మాట సూటిగా గుచ్చుకుంది.

"ల్యాబులో పోయిందని చెప్పెయ్యండి. మేమంతా అదే చెప్పేవాళ్ళం."

చెప్పొచ్చు. చెన్నై దూరం, కొరియర్ నిదానం, పదిహేను రోజులకు అక్క కోపం కూడా సగం తగ్గుతుంది. మండపేట వచ్చేదాకా ఆ అబద్ధాన్ని చక్కగా చెక్కుకున్నాను కూడా. 3:40కి మండపేటలో ఆయన దిగాడు. వెనకే నేనూ దిగాను. అవతలివైపు వెళ్ళి ద్రాక్షారామం బస్సెక్కాను. ఆ బస్సులో ఏమీ తీయలేదు.

అయిదింటికి నన్ను గుమ్మంలో చూసి, ఏదైనా మరిచిపోయావా అని అక్క అడిగింది. పట్టుచీర ఇంకా మార్చుకోలేదు. నిలబడే చెప్పేశాను. చీకట్లో రీలు వేయడం, కొస జారడం, అన్నీ. స్టూడియో వాళ్ళను మానిపించింది నేనేనని కూడా, ఆమెకు తెలియనట్టు, మళ్ళీ చెప్పాను. అక్క వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి చాలాసేపు తిప్పే ఉంది. ఆమె ఏడుస్తోందని బావగారికీ తెలుసు, నాకూ తెలుసు.

ఆమె బయటికి వచ్చాక, కెమెరాలో రీలు వాడకుండా అలాగే ఉంది కదా అని, దండలు వేసుకుని మళ్ళీ కూర్చుందామని బావగారు అన్నారు.

"ఉత్తుత్తి ముడి ఫొటో నాకొద్దండి" అంది అక్క. నా వైపు తిరిగింది. "వాడు మూడు నెలలు తిప్పాడురా. నువ్వు రెండున్నర గంటల్లో వచ్చి చెప్పేశావు."

అది మెచ్చుకోలో తిట్టో తేల్చుకునే ధైర్యం నాకు లేదు. బూరెల డబ్బా చేతిలో పెట్టి, చివరి బస్సు పోతుందని నన్ను పంపించేసింది.

ఈ కెమెరా కొనదలిచిన వారికి చెప్పేది ఇంతే. రీలు లైటు వేసుకుని వేయండి, మర తిరుగుతోందో లేదో చూడండి, తోడబుట్టినవాళ్ళ పెళ్ళికి మాత్రం డబ్బులిచ్చి ఇంకొకర్ని పిలవండి. ద్వారపూడి దగ్గర ఫోను మోగింది. కుటుంబం గ్రూపులో అక్క ఫొటోలు పెడుతోంది. నా మాట లెక్కచేయని ముగ్గురు నలుగురు చుట్టాలు ఫోన్లలో తీసినవి. తాళి ఘట్టం ఏడు ఫొటోల్లో ఉంది. ఏడింటిలోనూ అక్క, బావగారు ఉండాల్సినచోట నా వీపు ఉంది. చెమటకు తడిసిన లాల్చీ మడతలు కూడా స్పష్టంగా పడ్డాయి. ఒక్క దాంట్లో నా భుజం పక్కన బావగారి చెయ్యి, తాళి కొస కనిపిస్తున్నాయి.

దాని కింద అక్క రాసింది: "ముడి వేస్తున్నప్పుడు. ముందున్నది మా తమ్ముడు."