ఆళ్లగడ్డలో చెరిపితే నంద్యాలలో

నాకు కోపం ఎక్కువ. నేను చూసుకునే యంత్రాల మీద ఎవడైనా చెయ్యి వేస్తే ఇంకా ఎక్కువ. ఆ రోజు కొంప ముంచింది ఆ కోపమే.

అప్పట్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టోరేజ్ పని చూసేవాణ్ణి. పెద్ద ఆసుపత్రి నంద్యాలలో, చిన్నది ఆళ్లగడ్డలో. రెండు చోట్లా పన్నెండేసి డిస్కులున్న ఇనుప పెట్టె ఒకటి ఉండేది. స్కానింగులు, రిపోర్టులు, గేటు కెమెరా వీడియోలు అన్నీ అందులోకే పోతాయి. ఆళ్లగడ్డ పెట్టెలో ఏది పడినా క్షణాల్లో నంద్యాల పెట్టెలోనూ పడేటట్టు సాఫ్ట్‌వేర్ పెట్టాను. మా పనిలో దాన్ని మిర్రర్ అంటాం. ఒకటి కాలి బూడిదైనా రెండోది ఉంటుందని డాక్టర్లకు మీసం మెలేసి చెప్పాను.

ఒక సోమవారం పొద్దున ఆళ్లగడ్డ ఆసుపత్రి గేటు ముందు ఒక శిల్పిని కొట్టారు. విగ్రహాలు చెక్కే షెడ్డు ఖాళీ చెయ్యనన్నాడని పగ. ముగ్గురు తరుముకొచ్చి, అతని కుడి చెయ్యి మెట్టు మీద పెట్టించి, అతని సుత్తితోనే నాలుగు దెబ్బలు వేశారు. నేను లోపల సర్వర్ గదిలో ఉన్నాను. కేకలు విని బయటికొచ్చేసరికి అంతా అయిపోయింది. తర్వాత వీడియో తీసి చూశాను. మూడో దెబ్బకు వేళ్లు వేళ్లలా లేవు. నాకు ఒళ్లు మండిపోయింది. కొట్టినవాళ్ల మొహాలు మాత్రం ఎండలో స్పష్టంగా కనబడుతున్నాయి.

అతన్ని మా ఆసుపత్రిలోనే పై అంతస్తులో చేర్చారు. గంటకల్లా అతని భార్య నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చీర మీద రక్తం ఇంకా ఆరలేదు.

"అన్నా, మా ఆయప్ప చెయ్యి ఇంక పనికి రాదంటాండారు. సాక్ష్యం సెప్పేదానికి ఎవరూ ముందుకు రారు. మీ కెమెరానే మాకు దిక్కు. రేపు పోలీసోళ్లు వస్తే ఇస్తావు గదా?"

"ఇస్తానమ్మా. ఆ వీడియో యాడికీ పోదు."

అప్పుడే ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి జేబులో పెట్టుకుని ఉంటే సరిపోయేది. నంద్యాలలో ఉందిలే అన్న ధీమా నాది.

మధ్యాహ్నం ఆ ముగ్గురే సర్వర్ గదిలోకి వచ్చారు. ఒకడు తలుపు గడియ పెట్టాడు. పెద్దవాడు మర్యాదగానే అడిగాడు.

"వీడియో యాడుందప్పా?"

"ఈ పెట్టెలో."

"ఏ డబ్బాలో? ఆ డబ్బా పీకియ్యి, పోతాం."

"ఒక డబ్బాలో ఉండదన్నా. ముక్కలు ముక్కలుగా పన్నెండిట్లోనూ ఉంటుంది."

నిజమే చెప్పాను. వాడు ఎగతాళి అనుకున్నాడు. మూతి మీద గుద్దితే ముందు పన్ను కదిలింది, చొక్కా అంతా రక్తం.

"అయితే పన్నెండూ పగలగొడ్దాం పా," అని రెండోవాడు ఇనుప రాడ్డు ఎత్తాడు. మొదటి దెబ్బకు పెట్టె ముందు తలుపు వంగిపోయింది. నాకు కోపం నెత్తికెక్కింది. ఆ పెట్టెను నేను పసిబిడ్డలా చూసుకున్నాను.

"ఆపండ్రా! దాన్ని కొట్టొద్దు. నేనే చెరిపేస్తా!"

నన్ను కుర్చీలోకి తోసి, మెడ పట్టి తెర మీదికి వంచారు. ఆ పొద్దుటి వీడియో మొత్తం నా వేలితోనే చెరిపాను. మీట మీద రక్తం అంటుకుంది. లోపల మాత్రం నవ్వుకుంటున్నాను, వెర్రి నాయాళ్లారా, నంద్యాలలో ఇంకొకటి ఉందని మీకేం తెలుసు అని. పోతూ పోతూ డొక్కలో రెండు తన్నులు తన్నారు. అవీ పడ్డాను.

వెంటనే నంద్యాల బస్సెక్కాను. పక్కనున్నవాళ్లు నా మూతి చూసి జరిగి కూర్చున్నారు. నేను మాత్రం గెలిచినవాడిలా కూర్చున్నాను.

నంద్యాలలో తెర తెరిచి చూస్తే ఆ పొద్దుటి వీడియో లేదు. మిర్రర్ పని మిర్రర్ చేసింది. ఆళ్లగడ్డలో నేను చెరిపిన క్షణంలోనే ఇక్కడా చెరిపేసింది. రెండు పెట్టెలూ సమానంగా ఉన్నాయని పచ్చదీపం వెలుగుతోంది. గంటగంటకూ పాత స్థితిని దాచిపెట్టే ఏర్పాటు ఒకటి ఉండేది, చెరిపినది కూడా అందులోంచి తిరిగి తెచ్చుకోవచ్చు. జాగా నిండిపోతోందని రెండు వారాల ముందు నేనే ఆపేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు మళ్లీ మొదలుపెట్టాను. వాళ్లను పగలగొట్టనిచ్చి ఉంటే ఆళ్లగడ్డది పోయినా నంద్యాలది మిగిలేది. కోపం పట్టలేక ఆ పెట్టెను కాలిగోరు ఊడేదాకా తన్నాను.

మరునాడు పొద్దున ఆళ్లగడ్డకు వచ్చి శిల్పి భార్యకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె అంతా విన్నది.

"డబ్బాను కొడ్తాంటే ఆపినావా?"

"ఆపినానమ్మా."

చేతిలోని క్యారియర్ కింద పెట్టింది.

"సరే, పోయింది పోనీ. నువ్వు సూసినావు గదన్నా. ఆ మొహాలు నీకు ఎరుకే గదా. నువ్వే స్టేషన్‌కు వచ్చి సెప్పు. అది సాలు."

కదిలిన పన్ను నాలుకకు తగులుతోంది. ఇంట్లో నా భార్య, ఇద్దరు పిల్లలు. ఆ ముగ్గురికీ నేను పని చేసే గది తెలుసు.

"నేను సరిగ్గా చూడలేదమ్మా," అన్నాను. పోలీసులకూ అదే రాసిచ్చాను. ఆ మాట నన్నెవరూ కొట్టి చెప్పించలేదు. ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆమె నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. మొగునికి అన్నం తినిపించే వేళయిందని క్యారియర్ తీసుకుని మెట్లెక్కి పోయింది.