రెండు హ్యాండికాప్‌ల పెళ్లికొడుకు

తెలియని మాట ఎదురైతే పక్కవాణ్ని అడగడం కంటే ఊహించి రాసేయడమే తెలివైన పని అని నేను గట్టిగా నమ్మిన రోజులవి. జనగామ అప్పుడే కొత్తగా జిల్లా అయింది. జిల్లా అయితే పేపర్లో జిల్లా పేజీ వస్తుంది, పేజీ వస్తే దాన్ని రోజూ నింపడానికి ఒకడు కావాలి. ఆ ఒకణ్ని నేను. ఇరవై మూడేళ్ల వయసు, జేబులో ప్రెస్ కార్డు, బండి ముందు ఎర్రటి అక్షరాలు (బండి కంటే ఆ అక్షరాలే పెద్దగా ఉన్నాయని మా అక్క అనేది). నర్మెట్టలో కందులు తడిసినా, స్టేషన్ ఘన్‌పూర్‌లో బస్సు ఆపకుండా పోయినా నేను రాస్తేనే లోకానికి తెలుస్తుందనుకునేవాణ్ని. నాకు తెలియని సంగతి ఒకటి ఉంటుందని మాత్రం ఎవరి ముందూ ఒప్పుకునేవాణ్ని కాదు.

అలాంటి నాకు ఒక రోజు పెద్ద వార్త దొరికింది. మా వీధి చివర టాంగా భాయ్ ఉండేవాడు. వాళ్ల తాత స్టేషన్ ముందు టాంగా తోలేవాడు, తండ్రి పెళ్లి బరాత్‌లకు గుర్రం తెచ్చేవాడు. టాంగాలు పోయినా పేరు మాత్రం ఆ ఇంటిని వదల్లేదు. ఇతను హైదరాబాద్‌లో ఒక గుర్రపుశాలలో గుర్రాలకు మాలిష్ చేసే పనికి కుదిరి, వాటిని మైదానం దాకా నడిపిస్తూ నడిపిస్తూ పోలో ఆట నేర్చుకుని, చివరికి ప్రపంచ పోటీలకు వెళ్లే మన దేశపు జట్టులో చోటు సంపాదించాడు. పోలో అంటే గుర్రం మీద దౌడు తీస్తూ పొడవాటి కర్రతో బంతిని కొట్టే ఆట, జట్టుకు నలుగురు. (ఇది కూడా అతను చెబితేనే తెలిసింది. చెబుతున్నంతసేపూ నేను "తెలుసన్నా, తెలుసు" అంటూనే ఉన్నాను.) పోటీల వివరాలున్న ఇంగ్లిష్ కాగితం ఒకటి నా చేతిలో పెట్టి, "గిండ్ల అంత ఉన్నది తమ్మీ. యాడనన్న సమజ్ కాకపోతె జర ఫోన్ చెయ్యి" అన్నాడు. "నాకు సమజ్ కాకపోవుడేందన్నా!" అని నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

కాగితంలో ఒక్క మాటే మళ్లీ మళ్లీ వచ్చింది. ప్రతి జట్టు మొత్తం హ్యాండికాప్ పద్నాలుగు దాటకూడదు, మన టాంగా భాయ్ హ్యాండికాప్ రెండు. హ్యాండికాప్ అంటే మా వైపు తెలియనిదెవరికి? హ్యాండికాప్ పింఛను, హ్యాండికాప్ బస్ పాసు, హ్యాండికాప్ కోటా. నాకు ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లుగా మా వీధికి వచ్చిపోతూనే తన లోపాన్ని ఎవరికీ తెలియనివ్వని ఆ మనిషి మీద గౌరవం పొంగింది. కాగితంలో 'శాతం' అన్న మాట లేదు, పాపం మరిచిపోయినట్టున్నారని నేనే కలిపాను. మర్నాడు జిల్లా పేజీ నిండా నా వార్తే. 'వైకల్యం ఓడింది, గుర్రం గెలిచింది' అని శీర్షిక. రెండు శాతం వైకల్యంతో మన బిడ్డ ప్రపంచ వేదికకు వెళ్తున్నాడని, ఈ పోటీలు వికలాంగుల జట్లకు ప్రత్యేకమని, రాస్తుంటే కళ్లు చెమర్చాయి కూడా.

మొట్టమొదట కదిలింది ప్రెసిడెంటన్న. పట్టణంలో వికలాంగుల సంఘానికి అధ్యక్షుడు. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు పోయినా, చంకలో కర్రతో మాకంటే ముందు నడిచే మనిషి. పొద్దున్నే శాలువా, పూలదండ పట్టుకుని టాంగా భాయ్ ఇంటికి వెళ్లాడట. చన్నీళ్ల స్నానం చేసి, బావి గట్టు మీంచి ఒక్క దూకు దూకి వచ్చిన మనిషి కాళ్లూ చేతులూ పరీక్షగా చూశాడట. తర్వాత నిమ్మళంగా అడిగాడట. "తమ్మీ, నలభై శాతం లేనిదే మాకు సదరం సర్టిఫికెట్ ఇయ్యరు. నీకు రెండుకే ఇండియా టీం ఎట్ల ఇచ్చిన్రు?"

అది నవ్వుకునే ముచ్చటే. కానీ అదే పూట నెల్లికుదురు నుంచి వచ్చిన ఫోన్ నవ్వుకునేది కాదు. టాంగా భాయ్‌కి అక్కడ సంబంధం కుదిరి ఉంది. శుక్రవారం మంగ్నీ, అంటే నిశ్చితార్థం. ఆదివారం అతని విమానం. అమ్మాయి మేనమామ భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పని చేస్తాడు, అందరూ భూపాలపల్లి మామూ అంటారు. నా వార్త ఫోన్లో ఆయన దాకా పోయింది. లోపం దాచి పిల్లనడిగారు, మంగ్నీ బంద్ అని ఆయన తేల్చి చెప్పేశాడు.

టాంగా భాయ్ పేపర్ మడిచి పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కోపంగా వచ్చి ఉంటే బాగుండేది. "ఏం రాసినవ్ తమ్మీ! హ్యాండికాప్ అంటె ఆటగానికి ఇచ్చే నంబరు. కొత్తగ నేర్చుకునేటోనికి మైనస్ రెండు, దునియాల అందరికన్న పెద్ద ఆటగానికి పది. ఎంత ఎక్కువుంటె అంత మొనగాడన్నట్టు. నేను ఎనిమిదేండ్లు తిప్పలపడి రెండు తెచ్చుకున్న." నేను చేసిన తప్పులలో రెండోది, మొదటి దానికన్నా చెడ్డది, అప్పుడే చేశాను. "నేను మంచిగనే రాసిన అన్నా, డెస్కోళ్లు మార్చిన్రు" అన్నాను. డెస్కులో కూర్చుని వార్తలు దిద్దే పెద్దాయన ఆ శీర్షికలో ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. టాంగా భాయ్ నమ్మాడు. "గదే మాట నెల్లికుదురొచ్చి చెప్పు" అన్నాడు.

మరునాడు ముగ్గురం బయలుదేరాం. ప్రెసిడెంటన్నను ఎవరూ పిలవలేదు, ఆయనే వచ్చాడు. తొర్రూరు దాకా బస్సు, అక్కణ్నుంచి ఆటో. దారి పొడుగునా ఆయన నన్నొక్క మాట కూడా అడగలేదు, అప్పుడప్పుడు నా వైపు చూసి కిటికీలోంచి బయటికి చూసేవాడు. నాకు ఆ చూపులు చాలు.

అమ్మాయి తండ్రి కుట్టుమిషన్ మీద బతికిన మెత్తని మనిషి. మాట్లాడేదంతా భూపాలపల్లి మామూనే. చాయ్ రాకముందే టాంగా భాయ్‌ని లేపి నిలబెట్టి నడవమన్నాడు, కూర్చోమన్నాడు, వాకిట్లో ఉన్న నులక మంచం ఎత్తమన్నాడు. అన్నీ చూసి తల అడ్డంగా ఊపాడు.

"కాళ్లు మంచిగున్నయ్, చేతులు మంచిగున్నయ్. అట్లయితె కనవడనిదేదో ఉన్నట్టు!"

"ఏం లేదు మామూ, అది ఆట నంబరు. రెండంటె మంచిదే. పది ఉన్నోడు దునియాలనే నంబర్ వన్" అన్నాడు టాంగా భాయ్.

"పది హ్యాండికాపులున్నోడు మంచం మీదికెల్లి లేస్తడా?" అన్నాడు మామూ. "నాకు చెప్తున్నవా! ముప్పై ఏండ్లసంది బాయిల దిగుతున్న. మెడికల్ అన్‌ఫిట్ అంటె ఏందో నాకు తెల్వదా? పేపర్ల అచ్చయిందంటె ఉత్తగ అచ్చయితదా?"

చివరి మాట సూటిగా నాకు తగిలింది. నా రాతను అంతగా నమ్మిన పాఠకుణ్ని నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. డెస్కు మీద తోసేయడానికి నోరు తెరిచాను. టాంగా భాయ్ నా వైపే చూస్తున్నాడు. ఎనిమిదేళ్ల కష్టం, ఒక పెళ్లి, నా నాలుక చివర ఉన్నాయి. "ఉత్తగనే అచ్చయింది మామూ" అన్నాను. "డెస్కోళ్లు మార్చలె. నేనే రాసిన. గా మాటకు అర్థం నాకు తెల్వది. అడుగుమని భాయ్ చెప్పిండు, నేను అడగలె. అడిగితె నన్ను తక్కువ చూస్తరనుకున్న."

టాంగా భాయ్ మొహంలో మొదటిసారి కోపం కనిపించింది. నాకెందుకో కొంచెం తేలికయింది. అప్పుడు ప్రెసిడెంటన్న కర్రను గోడకు ఆనించి ముందుకు జరిగాడు.

"హ్యాండికాప్ ఉంటె పిల్లను ఎందుకియ్యరన్నది వేరే ముచ్చట మామూ, గది నీతోని ఇంకోసారి కూసొని మాట్లాడుత. ఇయ్యాల్టి ముచ్చట ఏందంటె, ఈయనకు లేదు. నాకున్నది. దానితోని నలభై ఏండ్ల సోపతి నాది, నేను చూస్తె గుర్తుపట్టనా? మీ బాయిల కేటగిరీలు ఉండయా? ఒకటో కేటగిరీ, రెండో కేటగిరీ అని?"

"ఉంటయ్."

"పెరిగితె మంచిదా, తగ్గితె మంచిదా?"

"పెరిగితెనే." అని మామూ ఆగాడు. ఒక్కసారి మొహం విప్పారింది. నా వైపు తిరిగి, "అరే, కేటగిరీ అని రాస్తె అయిపోవు గద! గింత పరేషాన్ ఎందుకు చేసినవ్ రా?" అని కసిరి, వెంటనే టాంగా భాయ్‌ని పట్టుకున్నాడు. "గయితె నువ్వు రెండో కేటగిరీలున్నవ్. ఇంక పెరుగుతదా?"

"ఆడితె పెరుగుతది మామూ."

"పెండ్లయినంక?"

లోపలి గదిలో ఆడవాళ్ల నవ్వు గొల్లుమంది. అప్పటిదాకా పెదవి విప్పని అమ్మాయి తండ్రి మెల్లగా అడిగాడు. "బేటా, గంత దూరం నీ గుర్రాన్ని ఎట్ల తీస్కపోతవ్?"

"తీస్కపోము చాచా. గుర్రాలు ఆడనే ఇస్తరు, చిట్టీలేసి పంచుతరు. ఎవలకు ఏది వస్తదో తెల్వది. ఎన్నడు చూడని గుర్రమెక్కి ఆడాలె. ఏడు నిమిషాలకో ఆట, ఆటకో గుర్రం."

"ఏడు నిమిషాలల్ల దానితోని కుదురుకుంటవా?"

"దాని ఇష్టం ముందు కనుక్కుంట. గుంజితె ఏ గుర్రం ఇనది చాచా."

ఆయన బావమరిది వైపు చూశాడు. "గీ పిలగానికే ఇస్తున్న" అన్నాడు. శుక్రవారం మంగ్నీ జరిగింది, ఆదివారం విమానం లేచింది. మన జట్టు ఆ పోటీల్లో ఓడిపోయింది గానీ టాంగా భాయ్ తనకు చీటీలో వచ్చిన మొండి గుర్రం మీద ఒక గోల్ కొట్టాడు. ఆ వార్త నేనే రాశాను. రాయడానికి ముందు అతనికి పదకొండు సార్లు ఫోన్ చేశాను. డెస్కు పెద్దాయనకు జరిగిందంతా చెప్పి క్షమాపణ అడిగితే, "శీర్షిక మాత్రం బాగుండెనోయ్" అన్నాడు.

పెళ్లికార్డు భూపాలపల్లి మామూ దగ్గరుండి అచ్చు వేయించాడు. డిగ్రీలు వేసే చోట, వరుడి పేరు కింద 'ఇండియా పోలో, హ్యాండికాప్: 2' అని బంగారు రంగులో వేయించాడు. పెళ్లిలో ఎదురైన ప్రతివాడికీ కేటగిరీ అంటే ఏమిటో ఆయనే వివరించాడు. ఆయన పక్కనే కుర్చీ వేసుకుని ప్రెసిడెంటన్న, మిగిలిపోయిన ఆ వేరే ముచ్చట మొదలుపెట్టాడు. భోజనాలు అయిపోయినా వాళ్లిద్దరూ లేవలేదు.

ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. మొన్న టాంగా భాయ్ కనిపించాడు. మధ్యలో మూడు దాకా పోయిన హ్యాండికాప్ ఇప్పుడు ఒకటికి దిగిందట. "ఉమ్రు మీద పడుతున్నది తమ్మీ, హ్యాండికాప్ తగ్గిపోతున్నది" అని నిట్టూర్చాడు. పక్కనున్నవాళ్లు అదేదో శుభవార్త అనుకుని సంతోషించారు. ఇరవై మూడేళ్ల ఆ ఎర్రక్షరాల బండివాడికి ఎవరైనా అంకె వేయాల్సి వస్తే మైనస్ రెండే వేయాలి, అందులో నాకు సందేహం లేదు. ఇప్పుడు నాకెంత వేస్తారో టాంగా భాయ్‌ని అడుగుదామనుకున్నాను. అడగడం ఎలాగో అలవాటైంది కదా. అడిగాను. నన్ను కింది నుంచి పైదాకా చూసి, నా కొత్త కళ్లద్దాల దగ్గర ఆగి, "సున్నాకొచ్చినవ్ తమ్మీ" అన్నాడు. ఇంటికి వచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. ఎనిమిదేళ్లలో రెండు పెరగడమంటే తక్కువేమీ కాదు.