అందరి ముందూ అడిగిన మాట

పోయినేడు వరి కోతలప్పుడు మా ఆయన పొలంలోనే కూలబడ్డారు. వృషణంలో భరించలేని నొప్పి. కోటగిరిలో ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పరీక్షించకుండానే నవ్వి, "బయట ఏడేడ తిరిగినవ్? నిజం చెప్పు" అన్నాడు, అక్కడ వరుసలో కూర్చున్న మా ఊరివాళ్లంతా వినేలా.

బయటికొచ్చాక మా ఆయన కళ్లనిండా నీళ్లు. "నువ్వు గూడ గట్లనే అనుకుంటున్నవా?" అని అడిగారు.

"నాకు తెల్వదా నువ్వేందో? లే, నిజామాబాద్ పోదాం" అన్నాను.

అక్కడి డాక్టరమ్మ వెంటనే స్కానింగ్ చేయించింది. వృషణం మెలిపడలేదు కానీ, అందులో ఒక భాగానికి రక్తం అందడం లేదట. చాలా అరుదట. "మీ ఆయన తప్పేం లేదమ్మా. ఆపరేషన్ అక్కర్లేదు. మందులు వాడి, మళ్లీ స్కాన్ చేసి చూద్దాం" అంది.

నయమయ్యాక నేను ఒక్కదాన్నే కోటగిరి డాక్టర్ దగ్గరికి వెళ్లాను. "మా ఆయన ఏడ తిరగలే సారూ, రక్తం అందక అయిన నొప్పి అది. అప్పుడు అందరు ఇనంగ అడిగిన్రు గద, గిప్పుడు అందరు ఇనంగ తప్పయిందని చెప్పున్రి" అన్నాను.

ఆయన తలెత్తకుండా, "తర్వాత ఎవరు?" అని కేకేశాడు.

ఆ కేక గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.